నలభై అయిదు దాటితే పనికిరారా?

‘నలభై అయిదు దాటినవాళ్లను పనిలో పెట్టుకుంటే యజమానికి నష్టమే. కొత్త పని నేర్చుకోరు, ఊరికే సెలవులు పెడతారు, జీతం ఎక్కువ అడుగుతారు, కుర్రవాళ్ల ఉద్యోగాలకు అడ్డుపడతారు. అన్ని వయసులవారికీ చోటిచ్చే సంస్థ అన్న గుర్తింపు ఉత్త ప్రచార ఆర్భాటం.’ నెల్లూరు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశమిది. చదివి ఊరుకోలేకపోతున్నాను. ఇందులోని ప్రతి మాటా ఎవరో ఒకరి నోటికాడి కూడు తీసేదే.

నేర్చుకోరన్న మాట మన జిల్లాలో అసలు నిలవదు. టైగర్ రొయ్య వేసిన రైతులు 1994-95లో తెల్లమచ్చ వ్యాధికి చెరువులకు చెరువులే పోగొట్టుకున్నారు. 2009 తర్వాత వనామీ అనే మరో రకం రొయ్య వచ్చింది. విత్తనం, మేత, చెరువులో రొయ్య పిల్లలు వదిలే లెక్క అన్నీ మారాయి. ఆ దెబ్బ తిని, ఈ మార్పూ నేర్చుకున్నవాళ్లు ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు గట్ల మీద ఇప్పటికీ ఉన్నారు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసేందుకు నీటిలో దించే చెక్ ట్రేను పైకి లాగినప్పుడు గమనించండి. కొత్త కుర్రాడు మేత మిగిలిందా లేదా చూసి దించేస్తాడు. యాభై దాటిన మనిషి ఒక రొయ్యను వేళ్ల మధ్య పట్టి వెలుతురుకెత్తి, వీపు వెంట పేగు గీత నిండుగా ఉందో తెగతెగగా ఉందో చూస్తాడు. తర్వాత గాలి తోసే మూలకు నడిచి, నీటి మీద తెల్లటి మలం పోగులు తేలుతున్నాయేమో వెతుకుతాడు. ఆ పూట మేత తగ్గించాలో లేదో అక్కడే తేలిపోతుంది. సాగులో అన్నిటికన్నా పెద్ద ఖర్చు మేతదేనని యజమానులకు నేను చెప్పాలా?

కర్మాగారాల సంగతి వేరంటారేమో. 2007లో జర్మనీలోని డింగోల్ఫింగ్ బీఎండబ్ల్యూ కర్మాగారంలో ఒక విభాగాన్ని సగటు వయసు 47 ఉండేలా నింపారు. చెక్క నేల, కుర్చీలు, భూతద్దాలు వంటి 70 చిన్న మార్పులు చేశారు. దాదాపు 40 వేల యూరోల ఖర్చుతో ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది.

ఇక సెలవులు. 1989లో బ్రిటన్‌లోని మాకిల్స్‌ఫీల్డ్‌లో ఇంటి మరమ్మతు సామాన్లు అమ్మే బీ అండ్ క్యూ సంస్థ యాభై దాటినవాళ్లతోనే ఒక దుకాణం తెరిచింది. పోల్చి చూసిన మిగతా దుకాణాలకన్నా అక్కడ గైర్హాజరు 39 శాతం తక్కువ, లాభం 18 శాతం ఎక్కువ. ఒక్క దుకాణం లెక్క అన్నిచోట్లా సరిపోదు. ఈ వయసులో మంచం పడితే కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుందన్నదీ నిజమే. అంతమాత్రాన ‘ఊరికే’ అనడం అన్యాయం.

జీతం పనిని బట్టి మాట్లాడుకునేది. గ్రాట్యుటీ సర్వీసును బట్టి వస్తుంది. 58 దాటినా భవిష్యనిధిలో యజమాని వాటా పెరగదు. అసలు ఖర్చు పంట మధ్యలో మనిషి మానేసినప్పుడు, కొత్తవాడికి మళ్లీ మొదటి నుంచి నేర్పేటప్పుడు తెలుస్తుంది.

గుర్తింపు ఆర్భాటమన్నది తెలియక అన్న మాట. బ్రిటన్‌లో 2022 నవంబరులో మొదలైన ‘ఏజ్-ఫ్రెండ్లీ ఎంప్లాయర్’ (అన్ని వయసులవారికీ అనుకూలమైన యజమాని) ప్రతిజ్ఞలో చేరే సంస్థ ఈ బాధ్యతను ఒక పై అధికారికి అప్పగించాలి, ఏటా కనీసం ఒక మార్పు చేసి చూపాలి. నియామకాలు, పనివేళల సడలింపు, ఆరోగ్యం అన్నీ అందులోకి వస్తాయి. అలాంటి పేరున్న చోటికి అనుభవజ్ఞులు తామే వెతుక్కుంటూ వస్తారు; లోపలున్నవాళ్లు తొందరపడి మానరు. మన రాష్ట్ర ప్రభుత్వం 2022 జనవరి నుంచి తన ఉద్యోగుల విరమణ వయసును 62 చేసింది. ప్రైవేటు ప్రకటనల్లో మాత్రం ‘35 ఏళ్లలోపు’ అనే రాస్తున్నారు. ఆ ముక్క తీసేసి, చేయాల్సిన పనేమిటో రాయండి. పైసా ఖర్చు లేదు.

చివరిది, కుర్రవాళ్లకు అడ్డన్న మాట. అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ఇదే. నలభై ఏడేళ్ల తండ్రిని ఇంటికి పంపితే, ఇంటర్ చదివే కొడుకు పుస్తకాలు పక్కన పెట్టి తండ్రి పనిచేసిన ప్లాంటు గేటు ముందే రోజుకూలీకి నిలబడతాడు. వాడికి ఇచ్చిన ఉద్యోగం అదేనా?