తల ప్యాకు గారి దివ్య సముఖమునకు

తిరుపతి,
ఆదివారం, చట్నీ జారు ఖాళీ లేని వేళ.

మహారాజరాజశ్రీ తల ప్యాకు గారికి,

బైరాగిపట్టెడ నుంచి తిరుచానూరు దాకా ఈ ఊరి తలకాయలన్నీ కలిసి చేసుకుంటున్న విన్నపం. ఆదివారం తెల్లారితే చాలు, ఫ్రిజ్‌లో ఉన్న పెరుగూ గుడ్డూ అరటిపండూ జప్తు చేసేస్తారు. మిక్సీ ఆక్రమిస్తారు. మధ్యాహ్నం దాకా ఇంటిల్లిపాది నెత్తినా ఎక్కి కూర్చుంటారు. దోసెలకి చట్నీ లేక పిల్లలు పొడి నంజుకుంటున్నారు. ఆ సంగతి అట్లుంచి అసలు మాటకొద్దాం.

తమరి పెద్ద హామీ "జుట్టు పెంచుతాను" అని. ఆ మాట చెప్పడానికి తమరు ఎంచుకున్న ఊరు మాత్రం సరైంది కాదప్పా. కొండమీద కల్యాణకట్టలో రోజూ వేల తలలు నున్నగా గుండవుతాయి. వాటికి మెంతులు లేవు, మందారాకు లేదు, కాసింత గంధం పూసుకుని దర్శనానికి పోతారు. అయినా నెల తిరిగేసరికి ఇంచుమించు 1 సెంటీమీటరు, ఎవరికి రావాల్సింది వాళ్ళకి వచ్చేస్తుంది. వెంట్రుక పుట్టేది చర్మం లోపలి కుదుట్లో. బయటికి వచ్చినదంతా ప్రాణంలేని పోగు. ఆ పోగు మీద కూర్చుని తమరు కుదురును శాసిస్తానంటే ఎట్లా? గుండు తర్వాత జుట్టు ఒత్తుగా వచ్చిందని మురిసేవాళ్ళదీ భ్రమే. సన్నబడిన పాత కొస పోయి, కత్తికి మొద్దుగా తెగిన కొస బయటికొస్తుంది కాబట్టి మందంగా కనిపిస్తుంది. జుట్టు పెరగడానికీ తమరికీ వేసిన ముడి, బోడిగుండుకీ మోకాలికీ వేసిన ముడే.

అట్లని తమరు దండగ అనడం లేదు. తమరికి చేతనైన పని ఒకటుంది, అది పూత. వెంట్రుక పైన పెంకుటింటి కప్పులాగా ఒకదాని మీద ఒకటి పేర్చిన పొలుసులుంటాయి. రంగులకీ స్ట్రెయిటెనింగుకీ ఎండకీ ఆ పెంకులు లేచిపోతే పోగుకి పోగు తగులుకుని చిక్కు పడుతుంది, దువ్వెనకి తెగుతుంది. జారుడుగా పూత పడితే తెగడం తగ్గుతుంది. తెగనిది పొడుగ్గా మిగులుతుంది. "పెంచుతాను" అనకుండా "తెగకుండా చూస్తాను" అని ఉంటే ఈ లేఖ రాసే పనే ఉండేది కాదు.

ఇక రెండో ఫిర్యాదు, తమరి సమదృష్టి. దేవస్థానం వాళ్ళే తలనీలాలు వేలం వేసేటప్పుడు రకాలుగా విడదీస్తారు. అన్నిటికంటే పొడుగువి మొదటి రకం, అంతకంటే పొట్టివి రెండో రకం, అట్ల దిగుతూ మరీ పొట్టివి చివరికి, తెల్లవి వేరే. అమ్మేవాళ్ళకే అంత పట్టింపు ఉంటే, పూసే తమరికి రింగుల జుట్టూ నూనె కారే జుట్టూ ఒకటే ఎట్లా అయింది? ఒకే గిన్నె, ఒకే గరిటె, అమ్మమ్మకీ మనవరాలికీ అదే ముద్ద. జుట్టు రకం కనిపెట్టడానికి తమరి శిష్యులు చేసే పరీక్ష మరీ ముచ్చట. గ్లాసు నీళ్ళలో వెంట్రుక వేసి మునిగిందా తేలిందా అని చూస్తారు. దానికి అంటిన నూనెను బట్టి అది తేలుతుంది, రకాన్ని బట్టి కాదు. అంతకంటే ఉత్త షాంపూతో కడిగి, ఏమీ రాయకుండా ఆరబెట్టి, మర్నాడు మాడు తడిమి చూస్తే సరి. మాడు జిడ్డుగా ఉందా, కొసలు చీపురుపుల్లల్లా ఉన్నాయా, రెండూనా? చాలామందికి రెండూనే. అందుకే తమరిని మాడుకీ కొసలకీ ఒకటే పూత పూయడం తప్పు.

రింగుల జుట్టు దగ్గర తమరికి నిజంగా గౌరవం ఉంది. మాడులో ఊరిన నూనె నిటారు జుట్టు మీద సులువుగా జారిపోతుంది. మెలికల మీద మాత్రం మొదటి మలుపులోనే ఆగిపోతుంది, కొసలు ఎండిపోతాయి. వాటికి మెంతులు మంచివి, సరిగ్గా చేస్తే. భుజాల దాకా ఉన్న జుట్టుకి 2 పెద్ద చెంచాలు. ఒక కప్పు నీళ్ళలో రాత్రి నానబెట్టాలి, కనీసం 8 గంటలు. నానిన నీళ్ళు పారబోయకూడదు. ఆ జిగురులోనే తమరి ప్రాణమంతా ఉంది, దాన్ని సింకులో పోసి పిప్పి నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఇంటికొకరున్నారు. అవే నీళ్ళతో వెన్నలాగా రుబ్బి, పాత పంచె గుడ్డలో వేసి పిండాలి. ఈ వడకట్టడమే అందరూ ఎగ్గొట్టేది. మెంతి పొట్టు ఎంత రుబ్బినా కరగదు. రింగుల మధ్య ఇసకలాగా ఇరుక్కుని వారం రోజులు భుజం మీద రాలుతుంది, చూసేవాళ్ళు చుండ్రనుకుంటారు. పిండిన జిగురులో చిన్న చెంచాడు టెంకాయ నూనె కలిపి, తడి జుట్టుని నాలుగు పాయలు చేసి, చెవుల కిందినుంచి కొసల దాకా పట్టించి, ప్లాస్టిక్ టోపీ పెట్టి 20 నిమిషాలు, మహా అయితే 30. తమరు ఎండి అట్ట కట్టేదాకా ఉంచితే జుట్టు అట్టతోపాటు విరుగుతుంది. రాత్రంతా తడిగా ఉంచితే మరీ చెరుపు. పోగు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది, అట్ల ఉబ్బీ ముడుచుకునీ బలం పోతుంది.

మెంతి వాసన పడనివాళ్ళకి అవిసె గింజలున్నాయి. 2 పెద్ద చెంచాలు ఒక కప్పు నీళ్ళలో సన్నసెగన ఉడికిస్తే ఏడెనిమిది నిమిషాల్లో గుడ్డు తెల్లసొనలాగా తీగ సాగుతుంది. వేడి మీదే వడకట్టాలి. చల్లారాక గుడ్డలోంచి దిగమన్నా దిగదు, గింజలతో సహా గడ్డ కట్టుకుని ఉంటుంది.

నూనె కారే సన్నటి నిటారు జుట్టుకి తమరు ఎంత తక్కువైతే అంత మంచిది. నూనె వద్దు, అరటిపండు వద్దు, గుడ్డు అసలే వద్దు. 2 చెంచాల పెరుగు, 2 చెంచాల కలబంద గుజ్జు, 15 నిమిషాలు, అంతే. కలబంద మట్ట కోసిన వెంటనే పసుపుపచ్చ పాలు కారతాయి. అవి దురద పెడతాయి. మట్టని నిలబెట్టి అరగంట కారనిచ్చి, కడిగి, అప్పుడు గుజ్జు తీయాలి.

రంగులు వేసి, ఇస్త్రీ పెట్టి పాడైన జుట్టుకి తమరి కంటే తమరి తాత టెంకాయ నూనె మేలు. తలంటుకి అరగంట ముందు కొసలకి ఒక చెంచాడు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో టెంకాయ నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూస్తే, పోగులోంచి ప్రొటీన్ పోకుండా కాపాడింది టెంకాయ నూనె ఒక్కటే. దాని అణువు చిన్నది, పోగులోకి దిగగలదు. ఆముదం దిగదు, పైన బంకలాగా కూర్చుంటుంది. ఒట్టి ఆముదం పొడుగు జుట్టుకి పూస్తే విడదీయలేనంత ఉండ కట్టే ప్రమాదముంది. ఒక పాలు ఆముదానికి మూడు పాళ్ళు టెంకాయ నూనె కలిపితే దువ్వెన దిగుతుంది.

ఇక తమరి పరివారం. గుడ్డు తెల్లసొన ప్రొటీన్ జుట్టులోకి పోతుందంటారు. ఆ అణువు ఒంటె అయితే పోగు సూది బెజ్జం. పనికొచ్చేది పచ్చసొనలో ఉన్న కొవ్వే. తెల్లసొన 60 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి, గీజరు పొగలు కక్కే నీళ్ళతో కడిగినవాళ్ళకి నెత్తిన పొరుటు తయారు. అరటిపండుని చేత్తో మెదిపితే చాలదు. మచ్చలు పడ్డ పండుని మిక్సీలో తిప్పి, జల్లెడలో పోయాలి. లేకపోతే నల్లటి పీచు బుధవారం దాకా దువ్వెనకి వస్తుంది. నిమ్మకాయ గారైతే మాడుని మండించడమే కాకుండా, నుదుటి మీదికి కారి, ఆ తడితో మన ఊరి ఎండలో బయటికి పోతే నల్లమచ్చ కూడా వేసి పంపిస్తారు. పిండక తప్పదంటే లీటరు నీళ్ళకి ఒక చెంచాడు రసం చాలు.

ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, దాని రసం సంగతి వేరే చెప్పాలి. పేనుకొరుకుడు, అంటే జుట్టు బిళ్ళలు బిళ్ళలుగా ఊడే జబ్బు, ఉన్న కొద్దిమంది మీద 2002లో ఒక చిన్న పరీక్ష జరిగింది, కొంత ఫలితం కనిపించింది. పేనుకొరుకుడు చాలామందిలో దానంతట అదే కూడా పూడుతుంది. అక్కడినుంచి "బట్టతలకి ఎర్రగడ్డ" దాకా దూకడం తమరికే చెల్లింది. స్థలపురాణం చూసుకున్నా, స్వామి తలమీద దెబ్బతగిలి కొంత జుట్టు పోతే నీలాదేవి తన కురులు తీసి అక్కడ అతికిందంటారు, తలనీలాలన్న మాట ఆమె పేరుమీదే వచ్చిందంటారు. వెంట్రుక పోయిన చోట వెంట్రుకే పెట్టింది ఆ తల్లి, ఎర్రగడ్డ రసం పిండలేదు.

చుండ్రు జోలికి తమరు దయచేసి రావద్దు. దానికి కారణమైన ఫంగస్ మాడు మీద ఉన్న నూనె తిని బతుకుతుంది. తమరు నూనెలు పోస్తే దానికి అన్నదానమే. ఆ ఫంగస్‌ని అణిచే కీటోకొనజోల్ మందున్న షాంపూ వారానికి రెండుసార్లు, నురగ ఓ ఐదు నిమిషాలు ఉంచి కడిగితే దిగుతుంది. దిగకపోతే చర్మం డాక్టరు ఉన్నారు.

మిగిలితే దాచుకుందామన్న ఆశ వద్దు. తమరిలో నిలవ ఉంచే మందేమీ లేదు. ఫ్రిజ్‌లో ఒక రోజు, బయట మే నెల ఎండకి పూట కూడా నిలవరు, నురగలు కక్కుతారు. కొత్త సరుకేదైనా ముందు మోచేతి మడతలో పూసి ఒక రోజు చూడాలి. సహజం కదా అంటారా, దురదగొండి ఆకు కూడా సహజమే.

చివరగా ఒక విన్నపం. పోయేటప్పుడు ఆ చట్నీ జారు మూత కింది రబ్బరు ఊడదీసి, వేడినీళ్ళలో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది పొండి. సోమవారం చట్నీ చేదెక్కేది ఆ సందులో దాక్కున్న మెంతి వల్లే.

ఇట్లు,
తువ్వాలు చుట్టుకుని బాత్‌రూం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కూర్చున్న తలకాయలు