మగ్గం ఇంట్లో ఉంటేనే ఆ ముద్ర

మన ఊళ్ల పాత చరిత్ర తవ్వేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు మెకంజీ కైఫీయతుల దగ్గరికి రావాల్సిందే. కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్ల సాయంతో ఊరూరి కథలు, శాసనాలు సేకరించి రాయించిన ఈస్టిండియా కంపెనీ అధికారి ఆ కాలిన్ మెకంజీ పుట్టింది స్టోర్నోవేలో. స్కాట్లాండ్ వాయవ్య తీరానికి అవతల, అట్లాంటిక్ గాలి ఆగకుండా కొట్టే లూయిస్ ద్వీపంలోని రేవు పట్టణం అది. మన వారసత్వాన్ని కాగితం మీదికి ఎక్కించిన మనిషి గురించి ఎంతో కొంత తెలుసుకున్నాం. ఆయన ఊరివాళ్లు తమ వారసత్వాన్ని ఎలా కాపాడుకుంటున్నారన్నది మాత్రం మనకు అంతగా తెలియదు.

స్కాట్లాండ్ సంస్కృతి అనగానే అందరికీ కిల్టు, బ్యాగ్‌పైపు, గళ్ల టార్టన్ గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది ఒక చట్టంలోని షరతు. బ్రిటన్ పార్లమెంటు 1993లో హారిస్ ట్వీడ్ చట్టం చేసింది. హారిస్ ట్వీడ్ అంటే కోట్లకు వాడే ముతక ఉన్ని గుడ్డ. స్వచ్ఛమైన ఉన్నికి లూయిస్, హారిస్ ఉన్న ఔటర్ హెబ్రిడీస్ ద్వీపాల్లోనే రంగు అద్దాలి, అక్కడే వడకాలి. ఆ ద్వీపవాసులు తమ ఇళ్ల దగ్గర చేత్తో నేయాలి. చివరి మెరుగులూ అక్కడే దిద్దాలి. అప్పుడే ఆ గుడ్డను హారిస్ ట్వీడ్ అని అమ్మాలి. గుడ్డ నాణ్యత గురించి చట్టాలు చాలానే ఉంటాయి. నేసే మనిషి ఇల్లు ఎక్కడుండాలో కూడా చెప్పిన చట్టం అరుదు.

ఈ గుడ్డను ఒకసారి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడాలి. దూరం నుంచి ఉత్త మట్టిరంగు కోటు గుడ్డలా ఉంటుంది. దగ్గరికెళ్తే ఒకే పోగులో నీలం, పసుపు, ఇటుక ఎరుపు, పాచి రంగు కలిసి కనిపిస్తాయి. అక్కడ ఉన్నిని వడకక ముందే రంగు వేస్తారు. తర్వాత రకరకాల రంగుల ఉన్నిని లెక్క ప్రకారం కలిపి నూలు తీస్తారు. మిల్లు వ్యాను పడుగును, పేక నూలును నేతగాడి ఇంటి ముందు దింపి వెళ్తుంది. పక్కనే రేకుల షెడ్డులో ఆయన, చాలాచోట్ల ఆమె, సైకిల్ తొక్కినట్టు మగ్గం తొక్కుతూ నేస్తారు. కరెంటు మోటారు పెట్టకూడదు. నూనె జిడ్డుతోనే గుడ్డ మిల్లుకు తిరిగి వెళ్తుంది. అక్కడ ఉతికి, ఆరబెట్టి, తెగిన పోగుల్ని చేత్తో సరిచేస్తారు. తనిఖీ అయ్యాకే గుడ్డ వెనకవైపు గోళం, దాని మీద శిలువ ఉన్న ముద్ర పడుతుంది. ఆ ముద్ర 1910 నుంచీ ఉంది.

1970లలో మరమగ్గాలు తెచ్చి వర్క్‌షాపుల్లో నేయిద్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఉత్పత్తి పెరుగుతుంది, కష్టం తగ్గుతుంది అన్నారు. నేతగాళ్లు ఓటేసి మరీ కాదన్నారు. అది పాతదాన్ని పట్టుకుని వేలాడటం కాదని నా అభిప్రాయం. మగ్గం ఇంట్లో ఉన్నంతకాలం గొర్రెలు, చిన్నపాటి సాగు, పిల్లల బడి, నేత అన్నీ ఒకే రోజులో ఇమిడిపోతాయి. మగ్గం షెడ్డు దాటి ఫ్యాక్టరీకి పోతే, రేపు ఆ ఫ్యాక్టరీ ద్వీపం దాటి పోదని హామీ ఎవరిస్తారు? మన పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, చేనేతకు కొన్ని రకాలను కేటాయించిన 1985 నాటి చట్టమూ ఉంది. అయినా అవే డిజైన్లు మరమగ్గం మీద, ప్రింట్ల మీద తయారై సగం ధరకు బజారులో దొరుకుతున్నాయి. ఆ బాధ తెలిసినవాళ్లకు హెబ్రిడీస్ నేతగాళ్ల పట్టుదల విలువ వేరేవాళ్లు చెప్పక్కర్లేదు.

అలాగని ఆ చట్టం ఉంటే చాలని కాదు. 2006లో స్టోర్నోవేలోని పెద్ద మిల్లు చేతులు మారింది. కొత్త యజమాని వేల డిజైన్లను నాలుగుకు కుదించేశాడు. చట్టంలో ఒక్క అక్షరం కూడా తప్పలేదు, కానీ మగ్గాలు ఖాళీ అయ్యాయి. మరుసటేడు షాబోస్ట్‌లో మూతపడిన మిల్లును మళ్లీ తెరిచాకే నేత తేరుకుంది.

ఈ గుడ్డ వెనక పాటలు కూడా ఉన్నాయి. మిల్లులు రాకముందు నేసిన గుడ్డను చిక్కబరచడం ఆడవాళ్ల పని. ఇళ్లలో నిల్వబెట్టిన మూత్రంలో నానబెట్టిన గుడ్డను పొడవాటి బల్ల మీద వేసి, చుట్టూ కూర్చుని, తాళానికి తగ్గట్టు బాదుతూ పక్కవాళ్లకు జరుపుతూ పోయేవాళ్లు. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు పల్లవి అందుకునేవాళ్లు. మన నాట్ల పాటలు విన్న చెవికి ఆ పద్ధతి ఇట్టే పట్టుబడుతుంది. పనికి కూర్చున్న ఒక విడతలో పాడిన పాటను అదే విడతలో మళ్లీ పాడకూడదని ఒక నమ్మకం ఉండేది. అంటే గుడ్డ చిక్కబడేదాకా సరిపడా పాటలు రావాలి! ఆ పని యంత్రాలకు వెళ్లిపోయాక పాటలకు ఆసరా పోయింది. 1951లో మొదలైన ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం స్కాటిష్ అధ్యయన విభాగం వాళ్లు టేప్ రికార్డర్లు పట్టుకుని ఊరూరా తిరగబట్టి వేల పాటలు దక్కాయి. ఇప్పుడవి ‘టోబర్ ఆన్ డూవల్కిష్’ అనే వెబ్‌సైటులో ఎవరైనా వినొచ్చు. ఆ పేరుకు అర్థం వారసత్వపు బావి.

టార్టన్ సంగతి వేరు. 1746లో కలోడెన్ యుద్ధంలో రాజు మీద తిరగబడ్డవాళ్లు ఓడిపోయాక, సైన్యంలో లేని హైలాండ్ (స్కాట్లాండ్ ఉత్తరాది కొండ ప్రాంతం) మగవాళ్లు ఆ వేషం వేసుకోకుండా బ్రిటన్ నిషేధించింది. 1782 దాకా ఆ చట్టం ఎత్తేయలేదు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వస్తే నవలాకారుడు వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఊరంతా టార్టన్‌తో నింపాడు. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల నమూనా అనే ఆచారం గట్టిపడింది చాలావరకు ఆ తర్వాతే. అదే కాలంలో గొర్రెల మేత కోసం హైలాండ్ కుటుంబాలను భూముల నుంచి వెళ్లగొడుతున్నారు. ఒకవైపు వేషానికి పట్టాభిషేకం, మరోవైపు వేసుకునేవాళ్ల ఇళ్ల కూల్చివేత. అయినా ఈరోజు కెనడాలోనో ఆస్ట్రేలియాలోనో కిల్టు కట్టుకునే మనవడిని నేను తప్పు పట్టను. అతని ముత్తాతకు దక్కని ఇంటికి గుర్తుగా మిగిలింది అదే మరి.

ఇక భాష. హైలాండ్‌లో, ఈ ద్వీపాల్లో తరతరాలుగా మాట్లాడే భాష గేలిక్. 1872 నాటి స్కాట్లాండ్ విద్యా చట్టంలో దాని ఊసే లేదు. బడిలో సొంత భాష మాట్లాడితే దెబ్బలు తిన్న తరాలు ఉన్నాయి. 1985లో గ్లాస్గో, ఇన్వర్నెస్‌లలో గేలిక్ మాధ్యమం మొదలైంది. 2025లో గేలిక్, స్కాట్స్ భాషలకు అధికార హోదా ఇస్తూ స్కాట్లాండ్ పార్లమెంటు చట్టం చేసింది. 2011 జనగణనలో గేలిక్ మాట్లాడేవాళ్లు 57 వేల పైచిలుకు ఉంటే, 2022లో దాదాపు 70 వేలకు పెరిగారు. సంతోషించాల్సిన సంగతే. కానీ అదే లెక్కల్లో ఇంకో అంకె ఉంది. ఆ భాషకు కంచుకోట అనుకునే ఔటర్ హెబ్రిడీస్‌లో గేలిక్ ఎంతో కొంత వచ్చినవాళ్ల వాటా 61 శాతం నుంచి 57కు తగ్గింది. అంటే నగరాల్లో తరగతి గదుల్లోకి వచ్చిన భాష, ద్వీపాల్లో వంటింట్లోంచి జారిపోతోంది. బడిలో నేర్చిన పిల్లవాడు ఇంటికెళ్లి ఎవరితో మాట్లాడతాడన్నది నన్ను వదలని ప్రశ్న.

బారా ద్వీపంలో ఈ దిగులుతోనే 1981లో పిల్లల కోసం ‘ఫేష్’ అనే ఉత్సవం మొదలుపెట్టారు. సెలవుల్లో స్థానిక కళాకారులే పిల్లలకు గేలిక్ పాట, ఫిడేలు, పైపు, నాట్యం నేర్పారు. ఇప్పుడు అలాంటివి స్కాట్లాండ్ అంతటా నలభైకి పైగా ఉన్నాయి. ఆ దేశంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఉత్సవం ఇదే, ఎందుకంటే ఇందులో చూసేవాళ్ల కంటే చేసేవాళ్లే ఎక్కువ. బ్యాగ్‌పైపు మీద వాయించే ‘పెద్ద సంగీతం’ అనే శాస్త్రీయ బాణీలను పాతకాలపు గురువులు కాగితం మీద కాదు, నోటితో నేర్పేవాళ్లు. ‘హిహారిన్, హోడిన్’ అంటూ ఒక్కో స్వరగుచ్ఛానికి ఒక్కో అక్షరాల మాట. మన నాట్యగురువు ‘తకధిమి’ చెప్పి అడుగు వేయించినట్టే. అలా నేర్చుకోవాలంటే గురువు ఎదురుగా కూర్చోవాలి.

‘కేలీ’ అన్న మాటకు ఈరోజు హాలులో జంటలు చేసే నాట్యమని అర్థం. అసలు అర్థం పొరుగింటికి వెళ్లడం. చలికాలం రాత్రి ఒకరింట్లో పొయ్యి చుట్టూ చేరి కథలు, పాటలు, ఊరి కబుర్లు చెప్పుకోవడం. ఇప్పుడు చాలా ద్వీప గ్రామాల్లో ఆ పొరుగిల్లు సెలవుల అద్దె ఇల్లయింది. సముద్రం కనిపించే ఇంటికి బయటివాళ్లు పెట్టే ధర అక్కడి కుర్ర జంట పెట్టలేదు. చలికాలంలో కిటికీలు చీకటిగా ఉంటాయి. నేతగాడి ఇల్లు ద్వీపంలో ఉండాలని చట్టం అంటుంది, ఆ ఇల్లే దొరకకపోతే ఏం చేయాలి? అందుకే నా దృష్టిలో స్కాట్లాండ్ వారసత్వంలో ఈ పాతికేళ్లలో జరిగిన గొప్ప పని సంగీత వేదికల మీద జరగలేదు, భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీద జరిగింది. 2003లో నార్త్ హారిస్, 2007లో గాల్సన్, 2010లో వెస్ట్ హారిస్. ఆయా ఊళ్లవాళ్లు ట్రస్టులుగా ఏర్పడి తమ ఎస్టేట్లను తామే సొంతం చేసుకున్నారు. ఇప్పుడు ఔటర్ హెబ్రిడీస్ జనంలో ఎక్కువమంది ఉంటున్నది ఊరి ఉమ్మడి భూమి మీదే. వెస్ట్ హారిస్ ట్రస్టు మొదట పెట్టుకున్న పనుల్లో ఒకటి, ఏడాది పొడవునా అక్కడే కాపురం ఉండేవాళ్లకు ఇళ్లు, ఇళ్ల స్థలాలు దొరికేలా చూడటం.