బద్ధకం ఎవరిది?

మలబద్ధకం అనే మాట పేగుకి తీరని అన్యాయం చేసింది. బద్ధం అంటే కట్టుబడిపోయినది, అంతే. కానీ చెవికి ‘బద్ధకం’ అని వినబడేసరికి పేగు మీద సోమరి అని ముద్ర వేసేశాం. నిందితురాలి తరఫున వాదించేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఈ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

నా క్లయింటు, అంటే పెద్దపేగు, దాదాపు మీటరున్నర పొడవుంటుంది. వచ్చిన సరుకులోంచి నీళ్లు పీల్చి ఒంటికి అప్పగించడం ఆవిడ ఉద్యోగం. మీటింగ్ ఉందని మనం ఆపుకుంటే ఆవిడ సెలవు పెట్టదు, ఓవర్‌టైమ్ చేస్తుంది. ఇంకా పీలుస్తుంది, చివరికి గులకరాళ్లు మిగులుతాయి. బ్రిస్టల్ వైద్యులు 1997లో మలం రూపాలకు 7 రకాల పట్టిక ప్రచురించారు. అందులో గులకరాళ్లది ఒకటో నంబరు. ఏ పరీక్షలోనూ ఫస్టు రానివాళ్లకి ఇదో ఊరట.

కబురు ఎక్కువగా పొద్దున్నే వస్తుంది, ఏదైనా తిన్న కాసేపటికి. సరిగ్గా అప్పుడే మనకి లోకంలోని పనులన్నీ గుర్తొస్తాయి. తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోన్ ఎత్తుతాం, లోపలి నుంచి వచ్చిన కాల్ మాత్రం కట్ చేస్తాం. పదేపదే కట్ చేస్తే ఆ కబురు కూడా మొద్దుబారుతుంది. పెద్దలు దీన్ని కాలకృత్యం అన్నారు. మనం కాలాన్ని తీసేసి కృత్యాన్ని ఉంచుకున్నాం, అదీ ఫోన్ చేత్తో పట్టుకుని.

దీనికి పూర్తి వ్యతిరేక వర్గం ఒకటుంది. ఒక్కరోజు తప్పితే చాలు, వాళ్లకి టెన్షన్. రోజుకి 3 సార్ల నుంచి వారానికి 3 సార్ల దాకా మామూలే. అంతకంటే తగ్గినా, ముక్కితే గానీ కదలకపోయినా, వెళ్లొచ్చాక ఇంకా మిగిలిందనిపిస్తున్నా అప్పుడు ఆలోచించాలి.

పెద్దవాళ్లకి పీచు రోజుకి 25 నుంచి 30 గ్రాములు కావాలి. మనం పండుని జ్యూస్ తీసి, పిప్పి పారబోసి, ఆనక డబ్బు పెట్టి పీచు పొడి కొంటాం. ఆ ఇసబ్గోల్‌ని చాలినన్ని నీళ్లు తాగకుండా మింగితే అదే అడ్డం పడుతుంది. కమోడ్ ముందు చిన్న పీట వేసి పాదాలు దాని మీద పెడితే మోకాళ్లు పైకి లేచి, లోపల వంపు తిరిగిన దారి కాస్త తిన్నగా అవుతుంది. ఇన్నేళ్ల సర్వీసులో నా క్లయింటు అడిగిన ఫర్నిచర్ ఇదొక్కటే.

మందుల్లో ల్యాక్టులోజ్ లాంటివి పేగులో నీళ్లు నిలుపుతాయి. సెన్నా, బిసాకోడిల్ తట్టి లేపుతాయి. తమాషా ఏమిటంటే ఐరన్ మాత్రలు, నల్లమందు జాతి నొప్పి మాత్రలు వేసుకుంటూ, బిగదీసినందుకు పేగుని తిట్టేవాళ్లూ ఉన్నారు.

ఎదుటి లాయరు నన్ను ఒకచోట ఇరికించగలడు. థైరాయిడ్ తగ్గినా, షుగర్ చాలాకాలంగా ఉన్నా పేగు నిజంగానే నెమ్మదించవచ్చు. ఇంకొందరిలో తెరుచుకోవాల్సిన వేళకే ద్వారం దగ్గరి కండరాలు బిగుసుకుంటాయి. వాళ్లకి పొడుల కంటే బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ మేలు చేస్తుంది. రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, యాభై దాటాక అలవాటు ఉన్నట్టుండి మారినా ఇలాంటి వ్యాసాలు పక్కనపెట్టి డాక్టరుకి చూపించుకోండి.

నా వాదన ఇంకా ఉంది. కానీ క్లయింటు నుంచి ఇప్పుడే కబురొచ్చింది. వాయిదా అడగను, వెళ్తున్నాను.