రాత్రి పూట మనిషి ఉండాలి

పెద్దవాళ్లు సొంతంగా ఉంటూ అక్కడే సాయం పొందే ఇంగ్లండ్ కౌన్సిళ్ల (స్థానిక ప్రభుత్వాల) ఎక్స్‌ట్రా కేర్ ఫ్లాట్లలో రాత్రి సిబ్బందిని తీసేసి అలారంతో సరిపెట్టొచ్చన్న ఒక వ్యాసకర్త మాట నాకు అస్సలు మింగుడుపడలేదు. మా అత్తయ్యగారు అలాంటి ఫ్లాట్‌లోనే ఉంటున్నారు. సొంత తలుపు, సొంత వంటిల్లు, ఆవిడ పేరు మీదే అద్దె ఒప్పందం. పొద్దున్నే కేరర్ వచ్చి మాత్రలిచ్చి, స్నానానికి సాయం చేస్తుంది. బాత్రూంలో అలారం మోగించే ఎర్ర తాడు నేల దాకా వేలాడుతుంది, కిందపడినా చేతికి అందేలా. కానీ తాడు లాగితే వచ్చి లేపడానికి మనిషి ఉండాలి కదా! ఫోన్‌లో గొంతు వినిపిస్తే ఏం లాభం? ఇళ్లలో ఇలాంటి సాయానికని ప్రభుత్వం కౌన్సిళ్లకిచ్చిన ‘సపోర్టింగ్ పీపుల్’ నిధులను ఆ పనికే వాడాలన్న నిబంధన 2009లో ఎత్తేశాక, షెల్టర్డ్ హౌసింగ్‌లో (పెద్దవాళ్ల కోసం ప్రత్యేకించిన ఇళ్లలో) చాలాచోట్ల వార్డెన్లను, అంటే బాగోగులు కనుక్కునే సిబ్బందిని, తగ్గించేశారు. ఎక్స్‌ట్రా కేర్ ఫ్లాట్లకీ అదే గతి పట్టించొద్దు. అన్నట్టు, ఇంట్లో పెద్దవాళ్లకు సాయం కావాలంటే కౌన్సిల్‌ని కేర్ అసెస్‌మెంట్ (ఏ సాయం అవసరమో చూసే అంచనా) అడగండి. 2014 కేర్ చట్టం ప్రకారం, ఆస్తి ఎంతున్నా అది చెయ్యాల్సిందే.