మోటారు ఆగినా ఎంబీఏ ఆగదు

ఉద్యోగం చేసుకుంటూ ఐటీ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చదివేవాళ్ళకి సమాజంలో తగినంత గౌరవం దక్కడం లేదని నా ఆవేదన. నలభై దగ్గరపడ్డాక మావాడి హోంవర్కూ నా అసైన్‌మెంటూ ఒకే డైనింగ్ టేబుల్ మీద, ఆదివారం రాత్రి పదకొండింటికి పూర్తవుతున్నాయి. మార్కులు వాడికే ఎక్కువొస్తున్నాయి, అది వేరే సంగతి.

1998లో సైబర్ టవర్స్ తెరిచిన రోజుల్లో కోడ్ రాయడం వస్తే పిల్లనిచ్చేవారు. ఇప్పుడు కోడ్ రాసేవాళ్ళని మేనేజ్ చేయడం రావాలి, వచ్చినట్టు సర్టిఫికెట్ ఉండాలి. అందుకని రోజూ నాగోల్‌లో మెట్రో ఎక్కి, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో ఫోనూ పట్టుకుని పాఠం వింటాను, అమీర్‌పేటలో తోపులాట మొదలయ్యేదాకా. రాయదుర్గం చేరేలోపు సారు ఇంకేం చెప్పారో దేవుడికెరుక. నా చదువంతా అమీర్‌పేటకి ఇవతలిదే.

ఫీజుకి లోన్ తీసుకున్నా. వడ్డీ మీద సెక్షన్ 80ఈ కింద 8 ఏళ్ళు పన్ను మినహాయింపని మురిసిపోయాను. కొత్త పన్ను విధానంలో అది లేదనీ, నేనున్నది అందులోనే అనీ రెండో సెమిస్టర్ ఫైనాన్స్ పాఠం అయ్యాకగానీ తట్టలేదు. చూశారా, చదువు ఊరికే పోదు.

అన్నిటికన్నా గొప్పది ఐటిల్. 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వం తన ఆఫీసుల్లో కంప్యూటర్ సేవలు దారిలో పెట్టడానికి తయారుచేయించుకున్న పద్ధతి. మొన్న మా ఆవిడ "ఏమండీ, బోరు మోటారు మళ్ళీ ఆగింది, ట్యాంకులో చుక్క లేదు" అంది. "ఇది ఇన్సిడెంట్. టికెట్ రేజ్ చేసి, అంటే ఫిర్యాదు నమోదు చేసి, స్టార్టర్ నొక్కి నడిపిస్తే క్లోజ్ అయిపోతుంది. పదే పదే ఆగుతోందంటే, వెనకున్న మూలకారణాన్ని ప్రాబ్లమ్ అంటారు" అని వివరించాను. ఆవిడ చూసిన చూపుకి ఐటిల్‌లో పేరు పెట్టలేదు.

సరే, మూలకారణం పట్టుకుందామని టొయోటా వాళ్ళ పద్ధతిలో 'ఎందుకు' అని ఐదుసార్లు ప్రశ్న వేసుకుంటూ పోయాను. ఐదో ఎందుకుకి మా మామగారు బోరు వేయించిన ముహూర్తం దగ్గర తేలాను. అప్పటికి ఇంట్లో గిన్నెలు సింకు దాటి గట్టు మీదికొచ్చాయి.

ఎలక్ట్రీషియన్ వచ్చి డబ్బా మూత తీశాడు. "కెపాసిటర్ ఉబ్బింది సార్. మార్చాలని సంక్రాంతికే చెప్పిన గద." పట్టిన టైము ఒక్క నిమిషం. కారణాలన్నీ చేపముల్లులా గీసే ఫిష్‌బోన్ బొమ్మ లేదు, స్లైడు లేదు.

అతను వైర్లు బిగిస్తుంటే నాలో విద్యార్థి ఆగలేకపోయాడు. 2003లోనే నికొలస్ కార్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో, ఐటీ కూడా కరెంటులాగే అందరికీ ఉండే మామూలు సదుపాయం అయిపోతుందని రాశాడని చెప్పాను. "అంటే నీ పనీ నా పనీ ఒకటే తమ్ముడూ" అన్నాను.

అతను టెస్టర్ జేబులో పెట్టుకుని, "అయితే మా పాప ట్యాబ్‌ల సౌండ్ వస్తలేదు సార్, జర చూస్తరా?" అన్నాడు.

టికెట్ రేజ్ చెయ్యమన్నాను.