కొన్న ఆట ఆరిపోయింది, ఎవరూ అమ్మని ఆట నడుస్తోంది

2024 మార్చి 31న యూబీసాఫ్ట్ అనే ఆటల కంపెనీ 'ది క్రూ' అనే కార్ల పందేల ఆట సర్వర్లను, అంటే ఆటను ఇంటర్నెట్‌లో నడిపించే కంప్యూటర్లను, మూసేసింది. 2014 నుంచి డబ్బు పెట్టి కొన్నవాళ్ల చేతిలో డిస్కు మిగిలింది గానీ ఆట మిగల్లేదు. ఆపైన, అమ్మిన ఆటను ఆడలేకుండా చేయకండి అంటూ యూరప్‌లో ఉద్యమం రేగింది, 10 లక్షలు దాటి సంతకాలు పడ్డాయి. ఇంత రభసలో ఎవరూ పిలవని సాక్షి ఒకటుంది: నెట్‌రెక్.

ఇది అంతరిక్ష యుద్ధపు ఆట. 1973లో ప్లేటో అనే బోధనా కంప్యూటర్ వ్యవస్థ టెర్మినళ్ల మీద జాన్ డాలెస్కీ తయారు చేసిన 'ఎంపైర్' దీనికి పూర్వీకురాలు. 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 'ఎక్స్‌ట్రెక్'గా మళ్లీ పుట్టి, 1980ల చివర్లో నెట్‌రెక్ అయింది. ఇంటికి ఇంటర్నెట్ రాకముందే విశ్వవిద్యాలయాల కంప్యూటర్ల మీద ఊళ్లు దాటి ఆడుకున్నారు.

అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది. మధ్యలో 40 గ్రహాలు. గురి బాగుంటే గెలుస్తామనుకుంటే పొరపాటే. గ్రహాన్ని పట్టాలంటే సేనల్ని మోసుకెళ్లి దించాలి, శత్రునౌకను కూల్చనివాడికి సేనల్ని ఎక్కించుకునే హక్కే లేదు. ఒకదాన్ని కూలిస్తే మామూలు నౌకలో రెండు సేనలకు చోటు దొరుకుతుంది. ఇక అందరి కళ్లూ అతని మీదే. తాను చచ్చినా పర్వాలేదని నేరుగా అతని మీదికి దూకి పేలిపోవడాన్ని ఆటగాళ్లు 'ఓగింగ్' అంటారు. దూకినవాడు క్షణాల్లో కొత్త నౌకతో తిరిగొస్తాడు. మోసుకెళ్లేవాడు పోతే సేనలూ పోతాయి, సంపాదించిన హక్కూ పోతుంది. అందుకే మిగతా జట్టంతా ఆ ఒక్కడి చుట్టూ కాపలా కాస్తుంది. నేటి జట్టు ఆటల్లో ఇంత పదునైన లెక్క ఎన్నింటిలో ఉంది?

నన్ను ఆకట్టుకునేది ఆ తర్వాతి కథ. ఈ ఆట మూల ప్రోగ్రాము (సోర్స్ కోడ్) అందరికీ అందుబాటులో ఉంది. దాన్ని మార్చి, తమ బదులు తానే గురిపెట్టి కాల్చే ప్రోగ్రాములను కొందరు దింపారు. వాటికి 'బోర్గ్'లని పేరు. అలాంటప్పుడు కంపెనీ అయితే ప్రోగ్రామును దాచేస్తుంది. ఇక్కడ ఆటగాళ్లు ఆర్ఎస్ఏ అనే గూఢలిపితో ధ్రువీకరించిన ప్రోగ్రాములనే సర్వర్ లోనికి రానిచ్చేలా కట్టుదిట్టం చేశారు. నెట్ తడబడితే ఆట నిలిచిపోతోందని, పోయిన సమాచారం మళ్లీ వచ్చేదాకా ఆగే టీసీపీ పద్ధతికి తోడు, ఆగకుండా పంపేసే యూడీపీ పద్ధతినీ చేర్చారు. జీతం ఇచ్చినవాడు లేడు, అనుమతి అడగాల్సిన గడపా లేదు. ఆడేవాళ్లు పలచబడ్డారు, నిజమే. కానీ ఈ సాయంత్రం పదహారు మంది కూడితే సర్వర్ పెట్టుకుని ఆడుకోవచ్చు. లక్షల మంది కొన్న 'ది క్రూ'ను అలా ఆడాలంటే ఔత్సాహికులు లోపలి గుట్టు విప్పి సర్వర్‌ను మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

సర్వర్లు నడపడానికి ఖర్చవుతుందని, కార్ల బొమ్మలకూ పాటలకూ లైసెన్సు గడువులుంటాయని కంపెనీలు అంటాయి. సరే, కలకాలం నడపమని అడిగిందెవరు? దుకాణం కట్టేసే రోజున, కంపెనీ సాయం లేకుండానే కొన్నవాళ్లు ఆడుకోగలిగేలా చేసి పొమ్మంటున్నారు సంతకాలు పెట్టినవాళ్లు. లైసెన్సు ముగిసిన పాటను తీసేసి ఇవ్వండి, ఎవరు కాదన్నారు?

ఇది ఆటల గొడవే కదా అని తెలుగువాళ్లు తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలు ఒకేలా చదవగలిగే యూనికోడ్ ప్రమాణం స్థిరపడకముందు మన పత్రికల సైట్లు తలో సొంత ఫాంటులో అక్షరాలు పోశాయి. ఆ ఫాంటు లేనివాడికి తెర మీద పిచ్చిగీతలే కనిపించేవి. 'పద్మ' వంటి ఉచిత పనిముట్టును ఎవరో ఓపికతో చేసిపెడితే గానీ ఆ వార్తలు యూనికోడ్‌లోకి రాలేదు. పోతన అనే తెలుగు యూనికోడ్ ఫాంటును తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఉచితంగా ఇచ్చారు కాబట్టే ఎందరో కంప్యూటర్లో తెలుగు మొదలుపెట్టగలిగారు. డీటీపీ కేంద్రాల్లో, యూనికోడ్ కాని అను ఫాంట్లలో కూర్చిన పుస్తకాల ఫైళ్లను ఈనాటికీ కన్వర్టర్‌లో వేసి, తప్పులు ఏరుకుంటూ బయటికి లాగుతున్నాం.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను అడగాల్సింది ఇది: ప్రజల సొమ్ముతో ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా, అమ్మినవాడు చేతులెత్తేసిన రోజున మూల ప్రోగ్రామును, సమాచారాన్ని ఎవరైనా తెరిచి వాడుకోగల రూపంలో అప్పగించాలన్న షరతు టెండరులోనే రాయండి. ఒప్పుకోని కంపెనీ దగ్గర కొనకండి.