సోలార్ పెడితే బొక్కనే అంటున్న ఆ వాయిస్ మెసేజ్‌కి నా లెక్క

వారం నుంచి మా కాలనీ గ్రూపుల, చుట్టాల గ్రూపుల, ఆఖరికి స్కూల్ బ్యాచ్ గ్రూపుల కూడా ఒకటే వాయిస్ మెసేజ్ తిరుగుతుంది. ఆయనెవరో గట్టిగ చెప్తుండు: ఇంటి మీద సోలార్ పెట్టుడంటే 2 లక్షలు మట్టిల పోసినట్టే, నెలకు 600 మిగుల్తయి, పెట్టుబడి ఎల్లాల్నంటే 28 ఏండ్లు, గా పైసలు బ్యాంకుల ఏసుకుంటే నయం, మనకు 200 యూనిట్లు ఎట్లాగూ ఫ్రీ, ఎండకు ప్యానెల్స్ ఖరాబైతయి, కోతులు పగలగొడ్తయి, కరెంటు పోతే అదీ బందే, సబ్సిడీ ఉత్త మాట. హన్మకొండల మా డాబా మీద 3 కిలోవాట్లది పెట్టి ఏడాది దాటింది కాబట్టి అందరు నన్నే "ఏమంటవ్ అన్నా" అని అడుగుతున్నరు. ఒక్కొక్కరికి చెప్పుడు నాతోని కాదు, ఇక్కడనే రాస్తున్న. ముందే చెప్తున్న, ఆయన చెప్పినయన్నీ అబద్ధాలు కావు.

ముందు ఆ 600 ఏడికెళ్లి వచ్చిందో చూద్దాం, ఎందుకంటే మెసేజ్ మొత్తం దాని మీదనే నిలబడ్డది. 1 కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తది, నెలకు 120, యూనిట్‌కు 5 రూపాయలు ఏసుకుంటే సరిగ్గ 600. అంటే ఆయన ఖర్చేమో 3 కిలోవాట్లది పట్టిండు, పంటేమో 1 కిలోవాట్‌ది పట్టిండు. మూడెకరాలకు పెట్టుబడి పెట్టి ఒక ఎకరం వడ్లు మాత్రమే జోకినట్టు.

ఇంకో తప్పు దానికన్నా పెద్దది, చాలామంది చదువుకున్నోళ్లు కూడా చేస్తరు. యూనిట్ 5 రూపాయలు అని సగటు పడ్తరు. మన కరెంటు బిల్లు గట్ల నడవదు కదా, స్లాబులుంటయి. నెలకు 200 దాటినోళ్లకు మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, తర్వాత 300 దాక 7.70, 400 దాక 9 రూపాయలు, ఆపైన 800 దాక 9.50. సోలార్ కోసేది కింది నుంచి కాదు, పై నుంచి. మా ఇంట్ల ఎండకాలం ఏసీ, కూలర్, బోరు మోటర్ అన్నీ కలిపి 450 యూనిట్లు కాలుతయి, దానికి ఎనర్జీ చార్జీలే 3,165. ప్యానెల్స్ నెలకు 360 ఇస్తే, మనం వాడిన దాంట్ల నుంచి అది తీసేసే నెట్ మీటర్ల నికరంగ మిగిలేది 90 యూనిట్లు. 100 లోపల ఉన్నోళ్లకు రేటే వేరే, మొదటి 50కి 1.95, తర్వాత 3.10, అంటే మొత్తం 222 రూపాయలు. మిగిలింది 2,940 పైన. 360 యూనిట్లకు పంచి చూడున్రి, యూనిట్‌కు 8 రూపాయల పైనే పడ్తది. ఆయన చెప్పిన 5 కాదు.

ఏడాది మొత్తం ఎండకాలమే ఉండదు, ఒప్పుకుంట. మామూలు నెలల్ల మాకు 300 యూనిట్ల దగ్గర, బిల్లు 1,800 లోపల, అది దాదాపు మొత్తం పోతది. మృగశిర దాటి ముసురు పట్టిన నెలల్ల ఉత్పత్తి బాగ పడిపోతది, అప్పుడు కొంత కట్టాలె. కస్టమర్ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు ఎట్లాగూ వస్తనే ఉంటయి, కాబట్టి "బిల్లు జీరో" అని అమ్మేటోని మాట కూడ నమ్మకున్రి. అన్నీ కలుపుకుంటే నాకు ఏడాదికి 24 వేల దగ్గర మిగిలింది. మొత్తం ఖర్చు 1,98,000, సబ్సిడీ 78,000 పోను చేతి నుంచి పడ్డది 1,20,000. ఐదేండ్లు. 28 కాదు.

బ్యాంకుల ఏసుకుంటే అన్న మాటకు: 1,20,000 ఏడు శాతం మీద పదేండ్లల్ల డబుల్ అయితది, 2,40,000. సోలార్ ఏడాదికి 24 వేల చొప్పున పదేండ్లకు మిగిలిచ్చేది కూడ గంతే. మరి సమానమే కదా అంటరు. ఆ మిగిలిన పైసలు మనం ఏడాదికేడాది వాడుకున్నం లేదా దాసుకున్నం, అది ఒకటి. పదేండ్ల తర్వాత ప్యానెల్స్ డాబా మీదనే ఉంటయి, కంపెనీలు 25 ఏండ్ల పెర్ఫార్మెన్స్ వారంటీ ఇస్తయి, అది రెండు. మధ్యల ప్యానెల్స్ కరెంటును ఇంటి కరెంటుగ మార్చే సోలార్ ఇన్వర్టర్ ఒకసారి మార్చాల్సి రావొచ్చు, ఆ ఖర్చు పక్కకు పెట్టుకోవాలె.

ఇగ 200 యూనిట్లు ఫ్రీ ముచ్చట. ఇది మాత్రం ఆయన చెప్పింది నిజం, నేను కొట్లాడ. 2024ల గృహజ్యోతి వచ్చింది, తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 లోపల వాడేటోళ్లకు జీరో బిల్లు. వాళ్లు సోలార్ పెట్టుకునుడు దండుగ, మా చిన్నమ్మకు నేనే వద్దన్న. పథకం రానోళ్లు కూడ నెలకు 150 యూనిట్లే వాడుతుంటే 3 కిలోవాట్లు అక్కర్లేదు, ఎక్కువ వచ్చిన కరెంటు గ్రిడ్‌కు పోతది గని దానికిచ్చే రేటు మనం కొనే రేటు కన్నా బాగ తక్కువ. కానీ ఆ మెసేజ్ ఇన్నోళ్లల్ల పొద్దుగాల్నే 400 యూనిట్ల బిల్లు పట్టుకుని తిట్టుకునేటోళ్లు కూడ ఉన్నరు, వాళ్లకు ఈ ఫ్రీ లెక్క చెప్పుడేంది?

ఎండకు ఖరాబైతయి అనేది సగం సగం. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీల మీద దాని కెపాసిటీ కొలుస్తరు, ఆపైన ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతది. మే నెలల ప్యానెల్ 65 డిగ్రీలకు కాలితే 12 నుంచి 16 శాతం దాక పోతది. అది ఆ గంటల ఉత్పత్తి తగ్గుడు, ప్యానెల్ చెడిపోవుడు కాదు. ఎండలకు పేరు పడ్డ రామగుండంలనే ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022ల పూర్తిగ నడిపిచ్చుడు మొదలుపెట్టింది.

కోతులు. నవ్వకున్రి, వరంగల్‌ల ఇది నిజమైన సమస్య. మా ప్యానెల్స్ మీద ఎక్కి దునికినయి, పండుకున్నయి, అద్దం మాత్రం పగల్లే, అది గట్టిపరిచిన గ్లాస్. కానీ కింద వేలాడే వైర్ పట్టుకుని ఊగి కనెక్టర్ పీకినయి, ఒక రోజంతా ఉత్పత్తి సున్నా, సాయంత్రం దాక నాకు తెల్వనే తెల్వదు. తర్వాత వైర్లన్నీ ఇనుప పైపులల్ల పెట్టిచ్చిన. పెట్టేటోళ్లను ముందే అడుగున్రి. రైస్ మిల్లు బూడిద, పావురాల రెట్ట పది పదిహేను రోజులకోసారి తుడవాలె, అదీ పొద్దుగాల చల్లగున్నప్పుడే, మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద సల్లనీళ్లు కొడితే పగిలే ప్రమాదముంది.

కరెంటు పోతే బంద్ అనేది నూటికి నూరు నిజం, అమ్మేటోళ్లు ఈ మాట చెప్పనే చెప్పరు. బ్యాటరీ లేని సిస్టమ్ లైన్ల కరెంటు లేకుంటే దానంతట అదే ఆగుతది. ఎందుకంటే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ల కరెంటు బంద్ చేసినమన్న అనుమతి) తీసుకుని పోల్ ఎక్కినంక మన డాబా నుంచి కరెంటు పోతే ఆయన పానం పోతది. లోపం కాదు, కావాల్నని పెట్టింది. ఇంట్ల మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ ఎట్లాగూ ఉన్నది కదా.

సబ్సిడీ ఉత్త మాట కాదు, నా అకౌంట్ల పడ్డది. పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్ల దాక కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు, ఆపైన ఎంత పెద్దది పెట్టినా 78 వేలే. కానీ మన దేశంల తయారైన సెల్స్ ఉన్న ప్యానెల్స్‌కే ఇస్తరు, వాటిని డీసీఆర్ అంటరు. నా దగ్గరికి మొదలు వచ్చినోడు "సార్, ఇవి 25 వేలు తక్కువ పడ్తయి" అని వేరేవి అంటగట్ట చూసిండు, సబ్సిడీ రాదన్న ముచ్చట మింగేసిండు. గట్ల మోసపోయినోళ్లే రాలేదంటున్నరేమో. నెట్ మీటర్ కోసం నేను కూడ ఏడు వారాలు తిరిగిన, అది వేరే కథ.

నన్నడిగితే ఆ మెసేజ్‌ల అసలు చెప్పాల్సిన భయం చెప్పనే లేదు. నీడ. ఒక్క ప్యానెల్ మీద నీడ పడ్డా ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు. మా పడమటి దిక్కు ఇంటాయన పైకి ఇంకో అంతస్తు ఏసుకుందామని పిల్లర్ల సలాకలు అట్లనే నిలబెట్టి ఉంచిండు. పొద్దుగాల ప్యానెల్స్ తుడుసుకుంట రోజు వాటినే చూస్తుంట. మొన్న వాళ్లింటి ముందట ఒక ట్రాక్టర్ ఇసుక దిగింది. "ఏంది అన్నా, పని మొదలుపెడ్తున్నవా" అని అడిగిన. "బాత్రూం రిపేరే తమ్మీ" అన్నడు. ట్రాక్టర్ ఇసుకంతా బాత్రూంకేనా అని అడగబుద్ధి కాలే.